పదిహేను సెంట్ల పొదుపు

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో ఇల్లున్న తెలుగువాళ్ళకి రెండు తేదీలు కంఠతా వచ్చు: డిసెంబర్ 10, ఏప్రిల్ 10. ప్రాపర్టీ టాక్స్ ఆలోపు కట్టకపోతే పది శాతం పెనాల్టీ. ఆ డబ్బు ఎటు పోతుందంటే మాత్రం చాలామంది "కౌంటీకే కదా" అంటారు. అందులో పెద్ద భాగం బడులకు వెళ్తుంది. కౌంటీ ప్రభుత్వానికి మిగిలేది అంతకన్నా చాలా తక్కువ, నెత్తిన ఉన్న పని మాత్రం చాలా ఎక్కువ: నాలుగు ఆసుపత్రులు, జైళ్ళు, ఎన్నికలు, మెడి-కాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి వైద్య బీమా), కాల్‌ఫ్రెష్ (తిండి ఖర్చుకి సాయం). నాలుగో ఆసుపత్రిని 2025 ఏప్రిల్‌లోనే కొన్నారు.

మన జిల్లాతో పోల్చుకుంటే ఇది అర్థం కాదు. ఇక్కడ పైనుంచి బదిలీ మీద వచ్చే కలెక్టర్ ఉండడు. ఓట్లతో గెలిచిన ఐదుగురు సూపర్‌వైజర్లే కౌంటీ ఎగ్జిక్యూటివ్‌ని నియమిస్తారు, జూలై 1న మొదలయ్యే ఏడాదికి జూన్‌లో బడ్జెట్ ఖాయం చేస్తారు. వేరే దిక్కులేని పేదవాళ్ళని ఆదుకునే బాధ్యతను కాలిఫోర్నియా చట్టంలోని 17000వ సెక్షన్ కౌంటీ మీదే పెట్టింది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు ఆగిందని చేతులు దులుపుకోవడం కుదరదు.

ఆ ఫెడరల్ డబ్బుకే 2025 జూలై 4న సంతకమైన ఎచ్‌ఆర్ 1 చట్టం వైద్య, ఆహార సాయాల్లో కోత పెట్టి గండి కొట్టింది. పూర్తిగా అమలయ్యాక ఏటా బిలియన్ డాలర్లకు పైగా నష్టమని కౌంటీ లెక్క. దానికి జవాబుగా ఆ నవంబర్‌లో ఓటర్లు మెజర్ ఎ అనే పన్ను ప్రతిపాదనను ఆమోదించారు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఐదేళ్ళ పాటు సేల్స్ టాక్స్ 0.625 శాతం పెరుగుతుంది, అంటే 1,000 డాలర్ల వస్తువు మీద 6.25 డాలర్లు. ఏడాదికి సుమారు 330 మిలియన్లు వస్తాయని అంచనా. గండిలో మూడో వంతు పూడుతుంది. పైగా ఇది జనరల్ టాక్స్ కాబట్టి ఆసుపత్రులకే ఖర్చు పెట్టాలన్న చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. ఐదేళ్ళలో పోయే పన్నుతో శాశ్వత ఉద్యోగాలు వేస్తే ఆరో ఏడు మళ్ళీ ఇదే గొడవ. సేల్స్ టాక్స్‌కి నిలకడ కూడా తక్కువే, టెక్ కంపెనీల్లో లేఆఫులు మొదలైతే ముందు తగ్గేది అదే. ప్రాపర్టీ టాక్స్ కొంత నయం, కానీ ఆఫీసు భవనాల యజమానులు విలువ తగ్గించమని వేసే అప్పీళ్ళు తేలడానికి రెండేళ్ళ దాకా పట్టవచ్చు. కౌంటీ ఓడితే తిరిగి ఇవ్వాల్సిన సొమ్మును విడిగా ఉంచాలి.

ఇలాంటప్పుడు ఏ కౌంటీకైనా మొదట తోచేది గుండుగుత్తగా అన్ని శాఖలకూ ఐదు శాతం కోత. చూడ్డానికి న్యాయంగా ఉంటుంది, లెక్క వేస్తే బోల్తా కొడుతుంది. కాల్‌ఫ్రెష్ దరఖాస్తులు చూసే పని ఖర్చులో ప్రతి డాలర్‌కి ఇన్నాళ్ళూ ఫెడరల్ 50 సెంట్లు, రాష్ట్రం 35, కౌంటీ 15 పెట్టేవి. అంటే కౌంటీ 15 సెంట్లు మిగుల్చుకుంటే డాలర్ విలువైన పని ఆగిపోయేది. 2026 అక్టోబర్ 1 నుంచి ఫెడరల్ వాటా 25 సెంట్లకు దిగుతుంది. మిగతా 25ని రాష్ట్రం, కౌంటీలు ఎలా పంచుకుంటాయన్నదే పెద్ద పేచీ. ఎలా పంచుకున్నా కౌంటీ వాటా మొత్తం డాలర్ కన్నా చిన్నదే కాబట్టి, ఇక్కడ కోస్తే మిగిలేదానికన్నా పోయేదే ఎక్కువ.

ఇక అసలు దెబ్బ తప్పుల శాతం దగ్గర ఉంది. కాల్‌ఫ్రెష్‌లో ఇవ్వాల్సినదానికన్నా ఎక్కువిచ్చినా తక్కువిచ్చినా తప్పు కిందే లెక్క. ఇది మోసం కొలత కాదు, ఈ రెండిటినీ కలిపేసి వాదించేవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. 2027 అక్టోబర్ నుంచి తప్పులు 6 శాతం లోపుంటే రాష్ట్రం మీద భారం లేదు. 6 నుంచి 8 మధ్య ఉంటే సాయం సొమ్ములో 5 శాతం, 8 నుంచి 10 మధ్య 10 శాతం, ఆపైన 15 శాతం రాష్ట్రమే పెట్టుకోవాలి. 2024లో కాలిఫోర్నియా దాదాపు 11 శాతం దగ్గరుంది. కౌంటీల మీదికి అందులో ఎంత నెట్టాలన్నది రాష్ట్రం చేతిలో ఉంది.

తప్పులు పుట్టేది కౌంటర్ దగ్గరే. డెలివరీ యాప్‌లో పనిచేసే మనిషికి ఈ నెల 1,400 డాలర్లు, వచ్చే నెల 2,300. అన్నయ్య వచ్చి అదే ఇంట్లో చేరతాడు, వంట మాత్రం వేరు. అద్దె పెరిగిన కాగితం ఇవ్వడం మరిచిపోతారు. ఏడాది మధ్యలో ఆరో నెలలో నింపే ఎస్‌ఏఆర్ 7 ఫారంలో ఇవన్నీ కనిపెట్టి సిస్టంలో సరిగ్గా ఎక్కించేవాడు ఎలిజిబిలిటీ వర్కర్. వాడి పక్క కుర్చీ ఖాళీ అయితే వాడి మీద పడే కేసులు పెరుగుతాయి, ఫోన్ చేసి అడగాల్సింది అడగకుండా పాత అంకెనే ఉంచేస్తాడు.

2027 జనవరి నుంచి మెడి-కాల్‌లో ఎక్స్‌పాన్షన్ కింద, అంటే అర్హత విస్తరించాక, చేరిన వయోజనులకి ఏడాదికోసారి జరిగే రెన్యువల్ ఆరు నెలలకోసారి అవుతుంది, నెలకు 80 గంటల పని నిబంధన కూడా తోడవుతుంది. ఉదాహరణకి లక్ష మంది అనుకుందాం. ఒక్కో రెన్యువల్‌కి అరగంట చొప్పున అదనపు విడతకి 50,000 గంటలు. సెలవులు, శిక్షణ పోను ఒక ఉద్యోగికి ఏడాదిలో 1,700 గంటలు చేతికొస్తే దాదాపు 30 మంది కావాలి. కొత్తవాళ్ళు చేయి తిరగడానికి నెలలు పడుతుంది కాబట్టి జనవరికి కావాల్సినవాళ్ళని వేసవిలోనే తీసుకోవాలి, సరిగ్గా కోతల సీజన్‌లో.

భయం కూడా ఒక ఖర్చే. మెడికెయిడ్ (మెడి-కాల్‌కి దేశవ్యాప్త పేరు) వివరాలు వలస చట్టాల అమలు చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకి చేరాయని 2025 జూన్‌లో బయటపడ్డాక వలస కుటుంబాలు క్లినిక్‌కి రావడానికి వెనకాడితే అందులో ఆశ్చర్యం లేదు. షుగర్ మాత్రలు మానేసిన మనిషి కాలి పుండుతో ఎమర్జెన్సీకి వస్తే, 1986 నాటి చట్టం ప్రకారం చూడక తప్పదు. బిల్లు కట్టేవాడు లేకపోతే ఆ భారం తిరిగి కౌంటీ ఆసుపత్రి మీదే. అందుకే "మా క్లినిక్‌లో ఏ వివరం అడుగుతాం, ఎవరికి ఇస్తాం" అని ఒక పేజీలో రాసి గోడకి అంటించడం ప్రజాసంబంధాల పనే కాదు, బడ్జెట్ పని కూడా. మెడి-కాల్ నోటీసులు అచ్చయ్యే భాషల్లో తెలుగు లేదు. దుబాసీని ఫోన్‌లో ఉచితంగా అడగొచ్చు, ఆ మాట చెప్పేవాళ్ళే తక్కువ.

కోత ప్రకటించడంలోనూ ఒక వరస ఉంది. బోర్డు సమావేశం ఎజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి. అందులో ఏ క్లినిక్ పేరు కనిపించినా గంటలో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి వచ్చేసరికి "తగ్గింపు" కాస్తా "మూసివేత" అవుతుంది. కాబట్టి ఎజెండా కన్నా ముందే యూనియన్లకి, ఆ క్లినిక్ సిబ్బందికి చెప్పాలి. ఏది ఆగుతుంది, ఎప్పటి నుంచి, బదులు ఎక్కడికి వెళ్ళాలి అన్న మూడు వాక్యాలు కౌంటర్ మనిషి చేతిలో ఉండాలి. కోపంతో వచ్చినవాడికి తనకే తెలియదన్న మనిషి ఎదురైతే గొడవ అక్కడే మొదలవుతుంది. ఉద్యోగాల కోత అయితే ఇంకా చిక్కు: సీనియారిటీ నియమం వల్ల ఒక పోస్టు తీస్తే అందులోని మనిషి జూనియర్ కుర్చీకి, ఆ జూనియర్ ఇంకొకరి కుర్చీకి జరుగుతారు. మూడు చోట్ల అనుభవం చెదురుతుంది.

తేదీలు కూడా చూసుకోవాలి. కాల్‌ఫ్రెష్ సొమ్ము కేసు నంబర్ చివరి అంకెను బట్టి నెలలో మొదటి పది రోజుల్లో కార్డులో పడుతుంది. 2025 అక్టోబర్ 1న మొదలై 43 రోజులు నడిచిన ఫెడరల్ ప్రభుత్వ షట్‌డౌన్‌లో నవంబర్ సొమ్ము చిక్కుల్లో పడింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అలాంటి నెలలో ఒకటో తారీకు నుంచి పదో తారీకు దాకా అదనపు కౌంటర్లు, సెక్యూరిటీ కన్నా ముందు ఫుడ్ బ్యాంక్ చిరునామాలు సిద్ధంగా ఉండాలి.

జూన్‌లో జరిగే బడ్జెట్ హియరింగులకి వెళ్ళే ఉద్దేశం ఉంటే మొత్తం బడ్జెట్ పుస్తకం చదవక్కర్లేదు. రద్దు చేసే ఖాళీ పోస్టుల పట్టిక తెరవండి. ఖాళీ పోస్టే కదా, ఎవరి ఉద్యోగమూ పోదు అని అందరూ తిప్పేసే పేజీలు అవే. ఆ వరసల్లో "ఎలిజిబిలిటీ వర్కర్" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, మైకు ముందు దొరికే ఆ ఒకటి రెండు నిమిషాల్లో దాని గురించే అడగండి.