సోకు మందులు కావవి

ఇప్పుడు నా రక్తంలో హెచ్ఐవీ వైరస్ లెక్కకు అందనంత తక్కువ. రోజుకో మాత్ర, అప్పుడప్పుడూ రక్తపరీక్ష. మిల్లీలీటరు రక్తంలో 200 కాపీల లోపు నిలబడితే, శారీరకంగా కలిసినవాళ్లకు మన నుంచి సోకదు. ఈ ధీమా వచ్చాకే రాయబుద్ధయింది.

మొదట జ్వరం, గొంతునొప్పి, ఒంటినిండా దద్దుర్లు. వేలు గుచ్చి పరీక్ష చేసి, నెగటివ్ వచ్చింది, ఫ్లూ అన్నారు. ఆ పరీక్ష చూసేది యాంటీబాడీలనే, అంటే వైరస్‌పై ఒళ్లు తయారుచేసుకునే రక్షకాలను. సోకిన తొలివారాల్లో అవి తయారుకావు. అనుమానం ఉంటే వైరస్‌నే నేరుగా వెతికే ఆర్ఎన్ఏ పరీక్ష అడగాలి. సోకిన 10 నుంచి 33 రోజులకల్లా అది పట్టేస్తుంది.

న్యూయార్క్ క్వీన్స్‌లో ఓ ఆసుపత్రి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో హెచ్ఐవీ ఉందన్న ఫలితం చెప్పిన డాక్టరు మన తెలుగువాడే. ముందు "చెప్పండమ్మా" అన్నాడు. నేను ట్రాన్స్ మహిళను. ఇన్సూరెన్స్ కార్డు మీద పాత మగపేరు చూడగానే "చూడు బాబూ" అయింది. "ఆ హార్మోన్లు మానెయ్. సోకు కోసం వాడేవేగా!" అని తెర లాగేసి పోయాడు. తెల్లవార్లూ నన్ను భయపెట్టింది వైరస్ కాదు. మళ్లీ ఆ పాత మొహంతో బతకాలా అన్నదే. ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్నాను, ఆయన్ని తిట్టుకున్నాను, రెండూ ఒకే నోటితో.

ఆ డాక్టరు మాట ఉత్త గాలిమాట కూడా కాదు, అందుకే ఇంకా మండుతుంది. కోబిసిస్టాట్, రిటొనావిర్ కలిసిన హెచ్ఐవీ మందులు ఒంట్లో ఈస్ట్రడయోల్‌ను, అంటే మేం వాడే ఆడ హార్మోన్‌ను, తారుమారు చేయగలవు. ఎఫావిరెంజ్ అనే మరో హెచ్ఐవీ మందు దాన్ని తగ్గించగలదు. బిక్టెగ్రావిర్, డోలుటెగ్రావిర్ అనే మందులతో ఆ పేచీ లేదు. మందు మార్చి రాస్తే సరిపోయేదానికి నన్నే మారమన్నాడు.

ఈ సంగతి నాకు విడమరిచి చెప్పింది క్వీన్స్‌లోనే రూజ్‌వెల్ట్ అవెన్యూ దగ్గర స్పానిష్‌లో నడిచే ట్రాన్స్ మహిళల బృందంలోని ఈక్వడార్ అక్క. పార్లర్లో ఐబ్రోలు చేస్తూ నేర్చుకున్న నా ముక్కల స్పానిష్ ఆవిడకు చాలింది. ఆ వీధిలో ఈ పనికి దారి వేసినవాళ్లలో మెక్సికో నుంచి వచ్చిన లోరెనా బోర్హాస్ ఒకరు. తన ఇంట్లోనే హెచ్ఐవీ పరీక్షలు చేయించింది, హార్మోన్ సూదులు వాడేవాళ్లకు కొత్త సిరంజీలు ఇచ్చింది. 2020 మార్చి 30న కోవిడ్ ఆమెను తీసుకుపోయింది. ఆ చేతులకు దణ్ణం.

హెచ్ఐవీ సోకకుండా ముందే వేసుకునే నివారణ మాత్ర ట్రాన్స్ మహిళల్లో ఎందుకు పనిచేయలేదంటారో తెలుసా? ఆ మాత్రను పరీక్షించిన ఐప్రెక్స్ అధ్యయనంలో 2,499 మంది, ఎక్కువమంది పెరూ, ఈక్వడార్‌లవాళ్లు. వాళ్లలో ట్రాన్స్ మహిళలు 339. ఆ 339 మందిలో అసలు మాత్ర ఇచ్చినవాళ్లలో 11 మందికి, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 10 మందికి సోకింది. కానీ ఆ 11 మందిలో ఎవరికీ, సోకినట్టు తేలేనాటికి, రక్తంలో మందు జాడే లేదు. మాత్ర ఓడలేదు, కడుపులోకి పోలేదు. హార్మోన్లు చెడిపోతాయన్న భయం ఒక్కటి చాలు సీసా మూత తీయకుండా ఉండడానికి. నిజానికి ఆ మాత్ర ఈస్ట్రడయోల్‌ను తగ్గించదు. అందుకే హార్మోన్లూ మాత్రా ఒకే కౌంటర్లో ఇవ్వని కార్యక్రమం, ఎంత స్పానిష్‌లో పోస్టర్లు వేసినా, నా దృష్టిలో దండగే.

ఇంకా సోకని చెల్లెళ్లకు నాలుగు మాటలు. ఈస్ట్రడయోల్ వాడేవాళ్లు కలయికకు ముందూ వెనకా మాత్రమే మింగే పద్ధతి పెట్టుకోవద్దు, రోజూ వేసుకోవాలి. మాత్ర వద్దంటే సోకకుండా ఆపే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్ ఉంది, 3 మిల్లీలీటర్లు, పిరుదు కండలోకి. మొదటి రెండూ నెల తేడాతో, ఆపైన రెండు నెలలకోసారి. దొంగచాటుగా అక్కడ సిలికాన్ ఎక్కించుకున్నవాళ్లు సిగ్గుపడకుండా నర్సుకు ముందే చెప్పాలి, మందు కండకు చేరకపోవచ్చు. వాళ్లకు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన మరో నివారణ ఇంజెక్షన్, లెనకాపావిర్, మేలు. పొట్ట లేదా తొడ చర్మం కింద, ఆర్నెల్లకోసారి. మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఇంజెక్షన్ల రోజు రెండు మాత్రలు, మర్నాడు మరో రెండు మింగాలి. ఆ మర్నాటివి మర్చిపోవద్దు.

కండోమ్ చిరిగినా, బలవంతం జరిగినా 72 గంటల్లోపు ఎమర్జెన్సీకి పరుగెత్తండి, వైరస్ పట్టకుండా ఆపడానికి 28 రోజుల మందు ఇస్తారు. అక్కడెవరైనా హార్మోన్లు ఆపమంటే, ఏ మందుతో పేచీయో పేరు రాసివ్వమనండి, ఈస్ట్రడయోల్ లెవెల్ పరీక్ష కూడా రాయమనండి.