మూడు వృత్తులు, ఒక క్షయ

నా దగ్గును ఇంట్లోవాళ్లకన్నా ముందు మైకు పట్టేసింది. చెన్నై కోడంబాక్కంలో తెలుగు సీరియళ్లకు డబ్బింగ్ చెబుతాను. పొడవాటి డైలాగు చివరికి వచ్చేసరికి ఊపిరి చాలేది కాదు, గొంతులో సన్నగా గరగర. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసేది. రెండు వారాలు దాటిన దగ్గును ఊరికే వదలకూడదంటూ డాక్టరుగారు ఎక్స్‌రే, కఫం పరీక్ష రాశారు. ఊపిరితిత్తుల క్షయ అని తేలింది.

ఆ రాత్రే మా అత్తయ్య నా కంచం, గ్లాసు వేరు పెట్టారు. ఆవిడ కాలంలో క్షయ అంటే తాంబరం శానటోరియమే మరి, క్షయ రోగులను ఇంటికి దూరంగా ఉంచే ఆసుపత్రి. నిజానికి ఇది గిన్నెల వల్ల అంటుకోదు, దగ్గినప్పుడు గాలిలో కలిసే తుంపరల వల్ల వస్తుంది. వేరు కంచం కన్నా తెరిచిన కిటికీ మేలు. ఇంట్లో ఉండి మందులు వాడినా నయమవుతుందని లోకానికి చూపించింది కూడా ఈ ఊరే. 1956లో ఇక్కడి క్షయ చికిత్సా కేంద్రం కొందరిని శానటోరియంలో, మరికొందరిని ఇంట్లోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగుపడ్డారు. ఈ కథ చెప్పాక కంచం నలుగురి కంచాల్లో కలిసింది. గ్లాసుకు మాత్రం ఇంకొంత కాలం పట్టింది.

చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత మూడు మందులవి, రోజూ పరగడుపున. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది; ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేదాన్ని. వికారం మొదట్లో బాగా సతాయించింది. మేకకాలి సూపు నుంచి భస్మాల దాకా బంధువులు చెప్పని వైద్యం లేదు. క్షయ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు వస్తే గుడ్లకూ పాలకూ వాడుకున్నాను.

ఒకప్పుడు ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దేదాన్ని. చదివాననుకున్న పంక్తిలోనే అచ్చుతప్పు ఉంటుందని అక్కడ తెలిసింది. అందుకే జ్ఞాపకాన్ని నమ్మలేదు. మాత్ర గొంతు దిగాకే క్యాలెండరులో గీత, అంతకుముందు కాదు.

అసలు గండం మూడో నెలలో. జ్వరం లేదు, దగ్గు లేదు, ఆకలి దంచేస్తోంది. ఇంకా ఈ మాత్రలెందుకనిపిస్తుంది. కానీ నేను జాకెట్లు కుట్టి బతికిన మనిషిని. చివర ముడి వేయని కుట్టు హ్యాంగరుకు తగిలించినప్పుడు ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఒంటిమీదికి వచ్చాకే విడిపోతుంది. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు ఆ మందులకే లొంగకుండా మొండికేస్తాయి. అప్పుడు చికిత్స ఇంకా కష్టం.

పనిలోకి వెళ్లాక చిన్న పాత్రలే అడిగి తీసుకున్నాను. ఏడుపు సన్నివేశాలు వద్దన్నాను. వాటికి పట్టేంత ఊపిరి అరుపులకు కూడా పట్టదు. ఇప్పుడు కఫంలో క్రిములు లేవు. ఎక్స్‌రేలో మాత్రం మచ్చ ఉండిపోయింది. దాన్ని చూసి కొత్త డాక్టరు కంగారుపడినప్పుడు చూపించడానికి, చికిత్స పూర్తయినట్టు ఇచ్చిన కాగితాన్ని, పాత ఎక్స్‌రేలను ఒకే ఫైలులో పెట్టుకున్నాను.