నెట్ ఎడ్యుకేషన్ యూనిట్ 9: ఒక హెడ్మాస్టరు బదిలీ అయితే నాకు ఫీడ్లర్ అర్థమయ్యాడు

యూజీసీ నెట్, అదే కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష, ఎడ్యుకేషన్ సబ్జెక్టులో రాశాను. రిజల్ట్ వచ్చేసింది, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యాను. అప్పట్నించి ఫోన్లే ఫోన్లు, అందరూ అడిగేది ఒకటే, ఏ పుస్తకం చదివేవు అని. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే కాబట్టి మళ్ళీ రాయను. నేను చెప్పాలనుకున్నది యూనిట్ 9 గురించి, అదే మేనేజ్‌మెంట్, అడ్మినిస్ట్రేషన్, లీడర్‌షిప్. చాలామంది దీన్ని ఆఖర్న పేర్లూ సంవత్సరాలూ బట్టీ కొట్టి వదిలేస్తారు, నాకు మాత్రం మార్కులు కలిసొచ్చింది అక్కడే.

నా సంగతి రెండు ముక్కల్లో. పుట్టిల్లు ఆంధ్రాలో పాతపట్నం, మెట్టినిల్లు ఒడిశాలో పర్లాకిమిడి, మధ్యలో మహేంద్రతనయ నది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పరీక్షేమో ఇంగ్లిష్‌లో. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, మా ఆయన గవర్నమెంట్ స్కూల్లో క్లర్కు. కోచింగ్‌కి వెళ్ళాలంటే విశాఖో భువనేశ్వరో పోవాలి, పిల్లల్ని వదిలి ఎక్కడికి పోతాం, అందుకే ఇంట్లోనే.

2024 జూన్ 18న ఓఎంఆర్ మీద పరీక్ష రాసి ఇంటికొచ్చి పడుకున్నాను, మర్నాడు రాత్రి రద్దు అని వార్త. ఆ రోజు ఏడుపు ఒక్కటే తక్కువ. మళ్ళీ ఆగస్టు ఆఖర్నుంచి కంప్యూటర్ మీద అన్నారు. అందరూ తిట్టుకున్నారు గానీ నిజం చెప్పాలంటే ఆ మధ్యలో దొరికిన రెండు నెలలే నన్ను గట్టెక్కించాయి. యూనిట్ 9ని మొదట్నించి వేరే రకంగా చదివింది అప్పుడే.

ఎలాగంటే, మా ఆయన రాత్రి భోజనాల దగ్గర ఒక హెడ్మాస్టరు గురించి చెప్పేవారు. ఆయన ముందు కొండ మీద సవర పల్లెల వైపు ఒక స్కూల్లో ఇన్‌ఛార్జిగా ఉండేవారట. అక్కడ టీచర్లు టౌన్ నుంచి బండ్ల మీద పదకొండింటికి వచ్చి రెండింటికి దిగిపోయేవాళ్ళు, ఎవరు ఏ క్లాసు తీసుకోవాలో కూడా ఎవడికీ తెలీదు. ఈయన రిజిస్టర్ పట్టుకుని గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, టైం దాటగానే ఎర్ర పెన్నుతో గీత, ఆ గీత కింద సంతకం పెట్టినోడికి సీఎల్, అదే క్యాజువల్ లీవు, కట్. ఎవరికీ ఆయనంటే పడేది కాదు. అయినా స్కూలు దార్లో పడింది. తర్వాత అదే మనిషిని ఫుల్ హెడ్మాస్టరుగా టౌన్లో మంచి పేరున్న హైస్కూల్‌కి వేశారు. అక్కడా అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను. అక్కడి స్టాఫ్ పాతిక ముప్పై ఏళ్ళ సర్వీసున్నోళ్ళు, టైంటేబుల్ దగ్గర్నించి పరీక్షల దాకా అన్నీ వాళ్ళే నడిపేస్తారు. ఏడాది తిరక్కుండా స్టాఫ్‌రూం మొత్తం ఒకవైపు, ఆయనొక్కడూ ఒకవైపు.

ఇది విన్నాక మర్నాడు ఫీడ్లర్ పేజీ తీస్తే, అదే ఏ పరిస్థితికి ఏ రకం లీడరు సరిపోతాడో చెప్పిన సైకాలజిస్టు, ఒళ్ళు ఝల్లుమంది. 1967 నాటి ఆ మోడల్లో చూసేవి మూడు: స్టాఫ్‌తో సంబంధాలు బాగున్నాయా, పని స్పష్టంగా ఉందా, కుర్చీకి పవర్ ఉందా. ఈ మూడూ కలిపితే ఎనిమిది పరిస్థితులు. కొండ మీది స్కూల్లో మూడూ లేవు, సంబంధాలు చెడు, పని అయోమయం, ఇన్‌ఛార్జికి పవర్ తక్కువ, అంటే ఎనిమిదోది, అన్నిటికన్నా అధ్వాన్నం. అక్కడ పని మీదే దృష్టి ఉన్న లీడరు నెగ్గుతాడు. టౌన్ స్కూల్లో సంబంధాలు బాగోవు గానీ పని స్పష్టం, పవర్ ఉంది, అంటే ఐదోది, మధ్యరకం. మధ్యరకంలో నెగ్గేది మనుషుల్ని కలుపుకుపోయే లీడరు. బాగా అనుకూలమైన చోటా, బాగా ప్రతికూలమైన చోటా మొదటి రకం, మధ్యలో రెండో రకం. చూడ్డానికి టౌన్ స్కూలే సులువు, ఓడిపోయింది మాత్రం అక్కడే. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఎనిమిది గళ్ళ టేబుల్ బట్టీ పట్టక్కర్లేదు.

ఇప్పుడు అదే హెడ్మాస్టర్ని హెర్సీ, బ్లాంచర్డ్‌ల దగ్గరికి తీసుకెళ్ళండి. వాళ్ళది సిట్యువేషనల్ లీడర్షిప్, టీచర్ల వైపు నుంచి చూస్తారు, టీచర్ని బట్టి లీడరు స్టైల్ నాలుగు రకాలు. పని రాదు, మనసూ లేదు అన్నోళ్ళకి టెల్లింగ్. రాదు గానీ ఉత్సాహం ఉంది అంటే సెల్లింగ్. వచ్చు గానీ ముందుకు రారు అంటే పార్టిసిపేటింగ్. వచ్చు, మనసూ ఉంది అంటే డెలిగేటింగ్. ఈయన డెలిగేటింగ్ చెయ్యాల్సిన చోట టెల్లింగ్ చేశారు, అంతే. మరి ఆయన్నేం చెయ్యాలి? ఫీడ్లర్‌ని అడిగితే మనిషి స్టైల్ మారదు, ఆయన్ని వేరే చోటికి బదిలీ చెయ్యండి, లేదా అక్కడి పరిస్థితినే మార్చండి అంటాడు. హెర్సీ, బ్లాంచర్డ్ అయితే స్టైల్ మార్చుకోవచ్చు, ట్రైనింగ్‌కి పంపండి అంటారు. స్టేట్‌మెంట్ 1, స్టేట్‌మెంట్ 2 అని ఇచ్చి తికమక పెట్టేది సరిగ్గా ఇక్కడే. ఎల్‌పీసీ స్కోర్ కూడా జాగ్రత్త, అంటే లీస్ట్ ప్రిఫర్డ్ కోవర్కర్, లీడరు ఏ రకమో ఫీడ్లర్ కొలిచేది దీంతోనే. తనకి ఎవరితో పని చెయ్యడం అస్సలు కుదర్లేదో ఆ మనిషికే మంచి మార్కులేసినవాడు హై ఎల్‌పీసీ, అంటే సంబంధాలకి విలువిచ్చేవాడు. చాలామంది దీన్ని తిరగేసి రాసేస్తారు.

అక్కణ్ణించి నాకు అదే పద్ధతి అయిపోయింది. ప్రతి సిద్ధాంతకర్తనీ ఆ స్టాఫ్‌రూంలోకి లాక్కొచ్చి, ఈ సార్ని ఏం చేస్తావు చెప్పు అని అడగడమే. బ్లేక్, మౌటన్ గ్రిడ్‌లో ఆయన 9,1, అంటే పని మీద శ్రద్ధ 9, మనుషుల మీద 1. రెడ్డిన్ మూడో కొలత, అదే ఎఫెక్టివ్‌నెస్ కలిపాడు కాబట్టి అదే మనిషి కొండ మీద బెనివొలెంట్ ఆటోక్రాట్, టౌన్లో ఉత్త ఆటోక్రాట్. ఎల్ఎంఎక్స్, అదే లీడర్-మెంబర్ ఎక్స్ఛేంజ్, అంటే హెడ్మాస్టరు రూంలో టీ తాగే ఇద్దరు ఇన్‌గ్రూప్, మిగతావాళ్ళు అవుట్‌గ్రూప్. ఎట్జియోనీ దగ్గర సీఎల్ కోస్తానని భయపెట్టి రప్పించడం కోయెర్సివ్ పవర్, దాంతో టీచర్లలో పుట్టేది ఏలియెనేషన్, అదే మాకెందుకులే అనే దూరం, మన స్టాఫ్‌రూంలో కనపడేదే. హాల్పిన్, క్రాఫ్ట్ క్లైమేట్లు, అదే స్కూలు వాతావరణాలు, ఆరు, ఓపెన్ నుంచి క్లోజ్‌డ్ దాకా వరసలో గుర్తుండాలి. డైమెన్షన్లు ఎనిమిదిలో నాలుగు టీచర్లవి, నాలుగు ప్రిన్సిపాల్‌వి, డిసెంగేజ్‌మెంట్ టీచర్లది, అలూఫ్‌నెస్ ప్రిన్సిపాల్‌ది. మార్పుకి లెవిన్ చెప్పిన మూడు మెట్లు, పాత అలవాటు కరిగించడం, మార్చడం, కొత్తదాన్ని గట్టిపరచడం (రీఫ్రీజింగ్), మా ఒడిశాలో అందరం కళ్ళారా చూశాం, హైస్కూళ్ళకి స్మార్ట్ బోర్డులు వచ్చాయి, కొన్నాళ్ళు వాడి మళ్ళీ చాక్‌పీస్‌కి వెళ్ళిపోయిన చోట రీఫ్రీజింగ్ జరగలేదన్నమాట. ట్రాన్స్‌ఫర్మేషనల్‌కి బర్న్స్ 1978, బాస్ 1985, ఐ అక్షరంతో మొదలయ్యే నాలుగు లక్షణాలు, ఇవి మాత్రం బట్టీయే, వేరే దారి లేదు.

నోట్సు మొత్తం వాడుక తెలుగులో రాసుకున్నాను, టెక్నికల్ మాట ఒక్కటే ఇంగ్లిష్‌ది. దానికి నవ్వినోళ్ళున్నారు. గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పని చేసిన ఊరండీ మా పర్లాకిమిడి, మాట్లాడే భాషలో చదువుకుంటే నామోషీ ఏంటి? ప్రశ్నలు మాత్రం ఇంగ్లిష్‌లోనే ప్రాక్టీస్ చెయ్యండి, హిందీకీ ఇంగ్లిష్‌కీ తేడా వస్తే ఇంగ్లిష్‌దే ఫైనల్.

మిగతా యూనిట్లు త్వరగా చెప్పేస్తాను. 1, 2 పాత ప్రశ్నపత్రాలు. 3 బీఎడ్‌లో చదివిందే. 8, 10 కొత్త జాతీయ విద్యా పాలసీ చూసుకుని వెళ్ళండి. అన్ని సబ్జెక్టులకీ ఉమ్మడిగా ఉండే పేపర్ 1 రోజూ కొంచెం, డేటా ఇంటర్‌ప్రెటేషన్ వదలొద్దు. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా ఖాళీగా పెట్టొద్దు.

టైం లేదు అనే మాట మాత్రం నా దగ్గర అనకండి. స్కూలు, ఇల్లు, ఇద్దరు పిల్లలు, పండగలు, వీటన్నిటి మధ్యలో చదివినదాన్ని. ఫోన్లో పీడీఎఫ్‌లు కుప్పలుగా దాచుకుని ఒక్కటీ తెరవని వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మా అత్తగారు వంటిల్లు చూసుకున్నారు కాబట్టే కుదిరింది నీకు అని మా ఆడపడుచు అంది, కుదిరింది నిజమే, ఆవిడ పేరు ముందు చెప్పాల్సింది. కానీ అత్తగారు వంట చేసినంత మాత్రాన హాల్పిన్ తనంతట తాను బుర్రకెక్కడు కదా.

ఇంకొకటి, జేఆర్ఎఫ్, అదే నెట్‌లోనే ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్, రాలేదేంటి అని ఓదారుస్తున్నవాళ్ళకి. జేఆర్ఎఫ్‌కి 30 ఏళ్ళు లిమిట్, ఆడవాళ్ళకి ఇంకో 5 ఏళ్ళు సడలింపు, నాకు అదీ దాటిపోయింది, అప్లికేషన్లోనే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒక్కటే పెట్టాను. రానిది కాదు, అడగనిది.

నోట్సు కావాలన్నవాళ్ళకి యూనిట్ 9 జిరాక్స్ ఇస్తాను, అక్కడక్కడ ఒడియా అక్షరాలు తగుల్తాయి, సర్దుకోండి. యూనిట్ 6 రీసెర్చ్ నోట్సు అడగొద్దు, అది నాకే అర్థం కాదు, ఎన్ని కరెక్ట్ అయ్యాయో ఇప్పటికీ నమ్మకం కలగట్లేదు.