పాత రేజర్లకు కొత్త బీరువా: నా అనుభవం

పాత రేజర్లను అద్దాల బీరువాలో అమర్చి చూసుకోవాలని ముచ్చటపడేవారు దుమ్ము గురించి, తడి గురించి ఆలోచిస్తారే గాని, ఆ బీరువాను దేనితో చేస్తున్నారో అడగరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. విజయవాడలో ఒక ఇంటీరియర్ దుకాణం వారి పుణ్యమా అని ఈ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కనుక ఈ రాతలో కొంత ఘాటు కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

నాది పెద్ద సేకరణ కాదు, కాని ఏరి కూర్చుకున్నది. మా తాతగారు గుంటూరులో క్షౌరశాల నడిపారు. ఆయన పొదిలోని జర్మనీ సోలింగెన్ మంగలి కత్తులు దీనికి మొదలు. తరువాత ఇంగ్లండులోని షెఫీల్డు కత్తులు, బంగారు పూత ఉన్న జిల్లెట్ 'అరిస్టోక్రాట్' సేఫ్టీ రేజరు, మూతలలోనే ఒకవైపు సానరాయి, మరొకవైపు తోలుపట్టా ఉండే ఇంగ్లండు 'రోల్స్ రేజర్' చేరాయి. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు తిప్పి బ్లేడు ఎంత బయటికి రావాలో సరిచేసుకునే జిల్లెట్ 'ఫ్యాట్ బాయ్' కూడా ఉన్నది. దాని తల అడుగున 'ఎఫ్ 2' అని ఉంటుంది. అంటే 1960వ సంవత్సరం రెండవ త్రైమాసికంలో తయారైనదని అర్థం. ఈ అక్షరాల లెక్క తెలియక చాలామంది పాతవస్తువుల వ్యాపారులు నోటికొచ్చిన సంవత్సరం చెబుతారు.

శుభ్రం చేయడంలో నాకు ఇబ్బంది రాలేదు. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తని టూత్‌బ్రష్షు, వెంటనే పొడిగుడ్డ, అంతే. అయితే ఇత్తడి చెంబులను తోమినట్లు వీటిని చింతపండుతోనో, పాలిష్ పొడితోనో తోమకూడదు. బంగారు పూత పల్చనిది, నాలుగు రుద్దులకే ఇత్తడి బయటపడుతుంది. ఇనుప అలగుకు కుట్టుమిషను నూనె పల్చగా పట్టిస్తే చాలు. కొబ్బరినూనె కొన్నాళ్లకు ముక్కిపోయి ఆ పులుపుతో ఇత్తడిని పచ్చబరుస్తుంది. సేఫ్టీ రేజర్లలో బ్లేడును ఉంచకూడదు, సీతాకోకచిలుక రెక్కల్లా తెరుచుకునే తలుపులను బిగించి పెట్టకూడదు.

ఉద్యోగ విరమణ తరువాత విజయవాడలో ఫ్లాటు కొనుక్కున్నాక హాలులో గోడకు ఒక అద్దాల బీరువా చేయించాలనుకున్నాను. బందరు రోడ్డులో పేరున్న దుకాణానికి వెళ్లి, లోపల కొత్త ప్లైవుడ్డు గాని, అంటించిన వెల్వెట్టు గాని వద్దని, గాజు, పౌడర్ కోటింగు (పొడి రంగు చల్లి కాల్చి వేసే పూత) వేసిన స్టీలు మాత్రమే వాడాలని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. వారు తల ఊపారు. బీరువా వచ్చింది. గాజు తలుపులు, లోపల లైట్లు, నీలిరంగు వెల్వెట్టు చూడముచ్చటగా ఉన్నాయి. వెల్వెట్టు ఎందుకు వేశారని అడిగితే, "సార్, మీవాటికి రిచ్ లుక్ రావాలిగా" అన్నారు. దాని కింద ప్లైవుడ్డు ఉందని మాత్రం చెప్పలేదు.

వానాకాలం ముగియకముందే అరిస్టోక్రాట్ పిడి గాట్లలో ఆవగింజల్లాంటి పచ్చని చుక్కలు కనిపించాయి. తుడిచాను. మళ్లీ వచ్చాయి. కృష్ణ ఒడ్డున ఉండే ఊరు కనుక ఇదంతా గాలిలో తేమ వల్లనే అనుకుని, తేమను కొలిచే హైగ్రోమీటరు కొని, దానిని ముందు ఉప్పుతో పరీక్షించాను. మూత గట్టిగా ఉన్న డబ్బాలో తడిపిన ఉప్పుతో పాటు దానిని ఒక రాత్రి ఉంచితే 75 శాతం చూపించాలి, అప్పుడే అది నమ్మదగినది. తరువాత బీరువాలో సిలికా జెల్ పెట్టి తేమను 50 శాతం దగ్గరకు తెచ్చాను. అయినా చుక్కలు ఆగలేదు. అంతకంటే ఆశ్చర్యం, హాలులో బల్ల మీద ఊరికే పడి ఉన్న ఒక పాత జిల్లెట్ 'టెక్' రేజరు చెక్కుచెదరకుండా ఉన్నది.

బీరువాను ఫొటోలు తీసుకుని దుకాణానికి వెళ్లాను. యజమాని ఫొటోలను పైకీ కిందికీ జరిపి, అక్కడ కూర్చున్న ఇతర కస్టమర్లకు వినిపించేటట్లు, "ఇనుమన్నాక తుప్పు పట్టదా సార్? ఇన్ని రేజర్లు ఎందుకండీ మీకు, షాపు పెడుతున్నారా?" అన్నాడు. వారు నవ్వారు. "మా తాతగారు పెట్టారండీ, గుంటూరులో. ఈ కత్తులతోనే పిల్లలందరినీ చదివించారు" అన్నాను. నవ్వు ఆగింది గాని ఆయన మాత్రం ఆగలేదు. "అయితే పాతసామాన్లవాడికి వేసేసి, ఆ బీరువాలో మంచి బొమ్మలు పెట్టుకోండి, మా బీరువాకు కూడా అందం వస్తుంది" అన్నాడు. ఒక మనిషి పనిముట్టును చూసి అతని కులాన్ని అంచనా వేసి, దాని మీద హాస్యమాడే అలవాటు ఏసీ షోరూములలో కూడా పోలేదు. లక్షల బిల్లు వేసేటప్పుడు మాత్రం మాట ఎంత మర్యాదగా ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఇంటికి వచ్చాక పట్టుదలగా ఒక పరీక్ష చేశాను. బ్రిటిష్ మ్యూజియంలో 1973లో ఆండ్రూ ఆడీ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి ఒకటి ఉన్నది. ప్రదర్శన పెట్టెలలో వాడదలచిన పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతోనూ కొంచెం నీటితోనూ మూసిన గాజుపాత్రలో 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, ఏ లోహం చెడిందో చూస్తారు. నా దగ్గర ప్రయోగశాల లేదు, కాని విజయవాడ వేసవి ఉన్నది. బీరువా వెనుక నుంచి కోసిన ప్లైవుడ్డు ముక్క ఒక సీసాలో, జిగురుతో సహా వెల్వెట్టు ముక్క మరొక సీసాలో వేసి, మూడవదానిలో ఏ పదార్థమూ వేయకుండా, అన్నిటిలోనూ గీకి మెరిపించిన రాగితీగ, సీసపు ముక్క, ఒక దూది ఉండలో నీళ్లు పెట్టి డాబా మీద ఉంచాను. ఖాళీ సీసాలోని సీసం కొంచెం మసకబారింది, అంతే. ప్లైవుడ్డు సీసాలోని సీసం మీద మాత్రం సున్నం కొట్టినట్లు తెల్లని పొడి లేచింది. చెక్క నుంచి, జిగురు నుంచి వచ్చే ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి చేసే పని అది. గాజు తలుపులు ఎంత బాగా మూసుకుంటే ఆ ఆవిరి అంత బాగా లోపలే ఉంటుంది. బల్ల మీది 'టెక్' ఎందుకు బాగుందో అప్పుడు అర్థమైంది.

కాని అరిస్టోక్రాట్ మీది పచ్చచుక్కలకు ఇదొక్కటే కారణమని తృప్తిపడలేకపోయాను, ఎందుకంటే అది ఉన్న పై అరలోనే చుక్కలు ఎక్కువగా ఉన్నాయి. ఆ ముడి విప్పింది మా ఆవిడ. ఒకరోజు తలుపు తీయగానే, "ఇందులో హారతి కర్పూరం పెట్టారా ఏమిటి?" అని అడిగింది. మేము పెట్టలేదు. ఆ వాసన అరిస్టోక్రాట్ పక్కనే ఉన్న ఒక షెఫీల్డు కత్తి నుంచి వస్తోంది. హైదరాబాదులో దానిని అమ్మిన వ్యాపారి పిడి ఏనుగు దంతమన్నాడు. ఏనుగు దంతపు వస్తువుల క్రయవిక్రయాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కనుక, కొనేముందే భూతద్దంతో చూశాను. నిజమైన దంతానికి అడ్డంగా తెగిన చోట ఒకదానినొకటి దాటే వంపు గీతలు ఉంటాయి. దీనికి అచ్చు వేసినట్లు సమానదూరంలో నిలువు గీతలు ఉన్నాయి. అంటే సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్. దానిని తయారు చేసేదే సెల్యులోజ్ నైట్రేటులో కర్పూరం కలిపి. వయసు మీరిన కొద్దీ కర్పూరం ఎగిరిపోతుంది, నైట్రేటు విడిపోయి ఆమ్లపు ఆవిరిగా మారుతుంది. పిడిని తెరిచి చూస్తే, మేకు చుట్టూ తేనెరంగు జిగట, మేకు మీద పచ్చని పొర, పిడి లోపల దాగి ఉండే మేరకు మాత్రమే అలగు మీద గుంటలు పడిన తుప్పు. మిగతా అలగు అద్దంలా ఉన్నది. ఆ కత్తిని రాగితీగతో పాటు ఒక సీసాలో గదిలోనే నీడపట్టున ఉంచితే తీగ పచ్చబడింది. దీనిని ఎవరూ ఎండలో పెట్టకండి, వేడి సూదితో పొడిచి పరీక్షించకండి. పాత సినిమా రీళ్లు భగ్గున మండింది ఈ నైట్రేటు వల్లనే.

బీరువాను ఆటోనగర్‌లో ఒక షీటుమెటల్ పనివాడి చేత మళ్లీ చేయించాను. అతను నేను చెప్పినదంతా విని, రెండు ప్రశ్నలు అడిగి, పౌడర్ కోటింగు పూర్తిగా కాలిందో లేదో తానే గీసి చూసి ఇచ్చాడు. షోరూము ఖర్చులో సగం కూడా కాలేదు. అరలు గాజువి. రేజర్ల కింద మంగళగిరి తెల్ల నూలుగుడ్డ పరిచాను, గంజి పోయేదాకా ఉతికి, రంగు లేనిదే వాడాలి. ఉన్ని, ఫెల్టు పనికిరావు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. రబ్బరు బ్యాండ్లూ అంతే. తోలు ఒరలలో, పాత అట్టపెట్టెలలో కత్తులను ఉంచకండి, పెట్టె అందంగా ఉంటే పక్కన విడిగా పెట్టండి. బట్టల బీరువాలో వేసినట్లు కలరా ఉండలు వేయకండి, కొన్ని ప్లాస్టిక్ పిడులు మెత్తబడతాయి. సిలికా జెల్‌లో నీలం నుంచి గులాబీకి మారే రకం కోబాల్టుది, విషం. నారింజరంగుది తీసుకుని, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. తేమను మరీ తగ్గించకండి, కొమ్ము పిడులు బీటలు తీస్తాయి. లైట్లు బీరువా బయట ఉండాలి.

సెల్యులాయిడ్ కత్తిని వెళ్లగొట్టలేదు. కాగితపు కవరులో, గాలి ఆడే విడి అరలో, వంటింటికి దూరంగా ఉంచి, తరచూ తీసి చూస్తున్నాను. వాసన ఘాటెక్కితే అలగు నుంచి పిడిని తీయించేస్తాను. అరిస్టోక్రాట్ మీది చుక్కలు పంటిపుల్లతో, నూనెతో వచ్చాయి గాని, రెండు చోట్ల పూత పోయింది.

సీసాలను సంచిలో పెట్టుకుని షోరూముకు వెళ్లి, సీసం మీది తెల్లపొడిని యజమాని బల్ల మీద పెట్టి చూపించాను. ఈసారి కస్టమర్లు నవ్వలేదు. ఒకాయన తన వెండి సామాన్ల షోకేసు లోపల ఏం వేశారో అక్కడికక్కడే అడిగాడు. ఆఖరి వాయిదా డబ్బు నేను ఇంకా కట్టలేదు. మేనేజరు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ప్లైవుడ్డునూ వెల్వెట్టునూ వచ్చి తీసుకుపోతే, రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని లెక్క చూసుకుందామని చెప్పాను.