ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు

మద్యం ఉన్నట్టుండి మానేసినా ప్రాణం మీదికి రావచ్చునని ఆసుపత్రిలో చేరేదాకా నాకు తెలియదు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేస్తున్న నేను, సెలవు ముగిసి డ్యూటీకి వెళ్తే డిపోలో గొట్టంలో ఊదిస్తారని భయపడి, ఏళ్ల తరబడి పొద్దున్నే మొదలయ్యే తాగుడును ఒక్కసారిగా ఆపేశాను. మర్నాటికి చేతులు వణికాయి, ఆ సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత ఎక్కించిన సెలైన్లు, థయమిన్ ఇంజెక్షన్లు, లిబ్రియం మాత్రలు అన్నీ కలగాపులగంగా గుర్తున్నాయి.

మూడో రాత్రి మాత్రం మరపురాదు. ఆ రాత్రి వార్డు నాకు బస్సయింది. మంచం మంచానికీ తిరుగుతూ టికెట్లు అడిగాను, బొటనవేలూ చూపుడువేలూ కలిపి లేని టికెట్లను చింపి ఇచ్చాను, చిల్లర లేదని ఒకరితో తగువు పెట్టుకున్నాను. పక్క మంచం మీది కామెర్ల రోగి, పెద్దాయన, నన్ను చూసి నవ్వలేదు. "మౌలాలికి ఒకటి ఇయ్యి బిడ్డా" అని చెయ్యి చాపి, ఉత్త చేతిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి గోడల మీద చీమలు బారులు కట్టాయి, బ్రేకులు ఫెయిలయ్యాయి, బస్సు ట్యాంక్‌బండ్ మీద నుంచి హుస్సేన్‌సాగర్‌లోకి పోతున్నదని కేకలు వేశాను. చేతులు బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టారు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారనీ, చివరిసారి తాగిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య సాధారణంగా వస్తుందనీ, చికిత్స అందకపోతే మనిషి దక్కకపోవచ్చనీ తర్వాత తెలిసింది. తెల్లవార్లూ నా నాడి చూస్తూ కూర్చున్న నర్సమ్మకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు గురించి అలా చెప్పలేను. ఆయన నా భార్యతో, నేను వింటున్నానని తెలిసే, "ఇలాంటివాళ్లు మళ్లీ ఇక్కడికే వస్తారమ్మా, డబ్బు దండగ" అన్నాడు. ప్రాణం కాపాడింది ఆయనే, కాదనను. అయితే డిశ్చార్జి కాగితం మీద మద్యం మానవలెనని ఒక్క ముక్క రాసి పంపించాడే గాని, ఎలా మానాలో, ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు.

ఇంట్లో సలహాలకు కొదవ లేదు. బావమరిది మళ్లీ అయ్యప్ప మాల వేసుకోమన్నాడు. స్వామి మీద నాకు భక్తి ఉంది. కానీ మండలం 41 రోజులూ చుక్క ముట్టకుండా ఉండి, మాల తీసిన రాత్రే సీసా తెరిచిన నాలాంటివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అక్కయ్య ఏదో పొడి తెచ్చి, వాడికి తెలియకుండా కూరలో కలపమని నా భార్య చేతిలో పెట్టింది. అటువంటి పొడుల్లో తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చనీ, దాని మీద తాగితే బీపీ పడిపోయి గుండెకే ప్రమాదమనీ, ఆ మందును రోగికి చెప్పి, డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వాలనీ తర్వాత ఒక సైకియాట్రిస్టు చెప్పారు. నా భార్య దాన్ని అప్పుడే పారబోసింది కనుక సరిపోయింది.

చివరికి దారి చూపింది మౌలాలికి టికెట్ తీసుకున్న ఆ పెద్దాయనే. ఆయన కొడుకు ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం మీటింగులకు వెళ్లి మానేశాడట. సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆవరణ పేరు చెప్పాడు. చర్చి అనగానే మా అత్తగారు మతం మార్పిస్తారని బెంగపడింది. తీరా వెళ్తే, వాళ్లు అక్కడ గది మాత్రమే తీసుకున్నారు, ఏ మతానికీ సంబంధం లేదు. ఆ గది కూడా వెంటనే దొరకలేదు. పాటల సాధన జరుగుతున్న హాల్లోకి వెళ్లి, సిగ్గుపడి బయటికొచ్చి, తిరిగిపోదామంటున్న నన్ను చూసి వాచ్‌మన్, "ఆ మీటింగా సార్, ఎనక మెట్లెక్కండి" అని పెద్ద గొంతుతో చెప్పాడు. నేను ఏ మీటింగుకని ఆయనతో అననేలేదు.

పైన ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ ఉన్నాయి. ఇంటిపేరు అడగలేదు, ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, ఫీజు లేదన్నారు. ఖర్చులకని సంచి తిప్పినప్పుడు కొత్తవాడివి, నువ్వు వెయ్యనక్కర్లేదన్నారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు ఆదుకోవడంతో ఇది మొదలైందని సెక్రటరీ చెప్పాడు. జీవితాంతం మానతానని ఒట్టు వెయ్యమంటారని భయపడ్డాను. ఈ 24 గంటలు తాగకుండా ఉండమన్నారు, అంతే. ఒకాయన తన మూడో రాత్రి గురించి చెప్పాడు. ఆయనకు కనిపించినవి పాములు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ నవ్వుకు నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు క్లోజ్డ్ మీటింగు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకు మాత్రమే, కావడంతో నా భార్యను లోపలికి రానివ్వలేదు. మెట్ల మీద గంటన్నర కూర్చుంది. ఆ సంగతి ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది, అది న్యాయమే. కుటుంబాలకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయని ఆ సాయంత్రమే ఆమెకు తెలిసింది.

మీ ఇంట్లో ఇటువంటి మనిషి ఉంటే, ముందు డాక్టరుకు చూపించండి, సొంతంగా ఒక్కసారిగా మాన్పించకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉన్నాయి. మీటింగుకు వెళ్లేముందు ఫోన్ చేసి, ఆ రోజు ఇంట్లోవాళ్లూ రాగలిగే ఓపెన్ మీటింగా, క్లోజ్డా కనుక్కోండి. పండగల రోజుల్లో గది మారుతుంది కనుక, ఏ గేటు, ఏ మెట్లు అన్నది కూడా అడగండి.