సిగ్నల్‌లో ఆగితేనే వేడెక్కుతోందా?

మెహదీపట్నం సిగ్నల్‌లో కారు ఇంజిన్ వేడి చూపే సూది ఎర్రగీత దాకా పాకింది. బండి కదిలి గాలి తగలగానే దిగింది. ఇంకేం, అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదే.

ముందు ఫ్యూజు చూడాలి. అది బాగుంటే, రెండు వైర్ల థర్మోస్విచ్ (వేడెక్కగానే ఫ్యాన్‌ని ఆన్ చేసే స్విచ్) ఉన్న పాత బండ్లలో దాని కనెక్టర్ ఊడదీసి, ఆ కనెక్టర్‌లోని రెండు పిన్నులనూ వైరుముక్కతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఫ్యాన్ తిరిగిందా, స్విచ్ పోయినట్టే. తిరగకపోతే మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులివ్వండి. అప్పుడు తిరిగితే తప్పు రిలేలోనో (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్) వైరింగులోనో. కదలకపోతే మోటారే, చాలాసార్లు లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి.

వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. ప్రెషర్ వల్ల 100 డిగ్రీలు దాటినా మరగని నీళ్లు ఒక్కసారిగా మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

బోరునీళ్లు పోసే అలవాటొకటి మనవాళ్లకి! ఆ సున్నం గొట్టాల్లో పేరుకుంటే కొత్త ఫ్యాన్ వేసినా దండగే. సగం కాన్సంట్రేట్ కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయండి.