మగ్గం గదిలో తుమ్మెద

మార్చి, ఆదివారం. బరంపురం, ఒడిశా.

పెంకులు సర్దడానికి మేస్త్రీ పొద్దున్నే వచ్చాడు. పెరటి వైపున్న గది నాన్న మగ్గం గది. ఆయన పోయాక మగ్గం గుంట మీద చెక్కలు పరిచేశాం, అడ్డదారం నడిపే నాడె మాత్రం ఇంకా గూట్లోనే ఉంది. నిచ్చెన ఎక్కిన మేస్త్రీ చూరు బొంగు తట్టి చూసి, "తుమ్మెద తొలిచింది బాబూ. సిమెంటు కూరి మూసేయనా, బొంగే మార్చేయనా?" అన్నాడు. కింద నేల మీద లేత పసుపు పొట్టు చిన్న కుప్పగా పడి ఉంది.

"మూసేయి నాయనా, పిల్లలు తిరిగే చోటు" అంది అమ్మ. నేను మాత్రం రెండు రోజులు ఆగమన్నాను. ఎందుకని ఇద్దరూ నా వైపు చూశారు. అప్పటికప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటున్నాను.

టీ తాగి పెరట్లో కూర్చుంటే అది బయటికి వచ్చింది. నల్లటి ఒళ్లు, ఎండలో నీలంగా మెరిసే రెక్కలు. నేరుగా మునగపూల మీదికి వెళ్లింది. అక్కడి నుంచి వంకాయ మొక్కకు. వంగపువ్వులో పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల్లోంచే రాలాలి. తుమ్మెద పువ్వును కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా గుయ్యిమని అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి జలజలా రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. పువ్వును పట్టుకోగానే దాని నాదం మారడం ఈ రోజు స్పష్టంగా విన్నాను. ఇన్నేళ్లుగా ఈ పెరటి వంకాయలు తింటూ ఒక్కసారైనా ఆ మార్పును గమనించలేదు.

అది బొంగును తినదు, తొలుస్తుందంతే. లోపల పుప్పొడి, తేనె కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, నమిలిన పొట్టుతో అడ్డుగోడ కడుతుంది. తర్వాత మళ్లీ ముద్ద, మళ్లీ గుడ్డు. చాలా పురుగుల్లా వందల గుడ్లు పెట్టదు. అందుకే ఒక్క రంధ్రం మూసినా అది చిన్న నష్టం కాదు. మగవాటికి కొండి ఉండదు. ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. అమ్మకు ఈ మాట చెబితే కొంత మెత్తబడింది.

మా ఊరిని పట్టు నగరం అంటారు. పేరు నిలబెట్టింది ఒక పురుగే. కానీ ఆ పట్టుపురుగును నేను ఈ ఊళ్లో ఎప్పుడూ చూడలేదు. నాన్నకు దారం బెంగళూరు నుంచి వచ్చేది. ఒక్క చీరకు వేల పట్టుకాయలు ఉడకాలి. మనుషుల పెంపకంలో ఉండి ఉండి ఆ పురుగు రెక్కలొచ్చినా ఎగరడమే మరిచిపోయింది. పెద్ద పురుగై బయటికి వచ్చాక తినదు కూడా. మన కోసం చచ్చిపోయే పురుగు మీద ఇంత గౌరవం ఉన్న ఊరు, మన చూరులో తన మానాన బతికే పురుగును ఎందుకు గుర్తించదు? నాన్న ఉంటే ఏమనేవారో. మగ్గం మీద ఉన్నప్పుడు తుమ్మెద వస్తే ఆయన చేయి ఆపి చూసేవారు. అది మాత్రం నాకు బాగా గుర్తుంది.

సాయంత్రం వీధిలోకి దోమల పొగ బండి వచ్చింది. కిటికీలు మూశాను, మగ్గం గది తలుపు కూడా. పొగ తగిలిన దోమలు చస్తాయి, కాలువ నీళ్లలోని దోమపిల్లలు బతికే ఉంటాయి. వాటిని నీళ్లలోనే తినే తూనీగ పిల్లలు ఎక్కడైనా మిగిలితే మేలు. మునగపూల మీద వాలిన వాటికి ఆ పొగ ఎంత తగిలిందో తెలియక మనసు బాగాలేదు.

చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే రంధ్రంలో నల్లటి వీపు కనబడింది. తిరిగి వచ్చింది. చెవి ఆనిస్తే బొంగు లోపల గీకుతున్న చప్పుడు.

రేపు మేస్త్రీకి ఫోను చేయాలి. పాత బొంగు తీయవద్దని, పక్కనే కొత్తది ఆసరాగా కట్టమని.